క్షయ గాని క్షయ: ఆరోగ్యవరమున తెలియవచ్చిన యొక వ్యాధి చరిత్రము



మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో పెద్దవారైనవారికి రాత్రి దగ్గు అను మాట వినినంతనే మనస్సున నొక భయము పొడముట సహజము. నడిరేయి దాటిన పిమ్మట నొక యింట ఎడతెగని దగ్గు వినబడినచో, తెల్లవాఱునప్పటికి వీధివీధియంతయు ‘క్షయ’ యని గుసగుసలు పోవుచుండెడివి. ఆ రోగి కంచము వేఱగును, చెంబు వేఱగును, ఆ యింటికి రావలసిన సంబంధములు వెనుకకు మఱలును. అట్లు పేరుపడినవారిలో కొందఱికి క్షయ లేనేలేదనియు, వారిని పీడించునది మఱియొక వ్యాధి యనియు వైద్యలోకమునకు తేటపఱచిన స్థలము మన మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమే. ఆ వ్యాధి చరిత్రమును, అందు మన దేహములోని యొక చిన్న కణము వహించిన పాత్రమును నేడు మీకు విన్నవించుకొందును.

ముందుగా ఆ స్థలమును గూర్చి రెండు మాటలు. మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైబడిన యెత్తున నున్నది. అచ్చటి గాలి పొడిగాలి, రాత్రులు చల్లన. క్షయకు మందు లేని యా దినములలో విశ్రాంతియు, స్వచ్ఛవాయువును, పుష్టికరమైన ఆహారమునే చికిత్స. అందుచేత దక్షిణదేశమున పనిచేయుచుండిన క్రైస్తవ మిషనులు కొన్ని యేకమై, 1915లో అచ్చట నొక క్షయ చికిత్సాలయమును తెఱచినవి. యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియ మని దానికి పేరు. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ దానికి మొదటి ముఖ్యవైద్యాధికారి. దక్షిణదేశపు నలుమూలలనుండి రోగులు బండ్లమీదను రైళ్లమీదను అచ్చటికి చేరుచుండెడివారు.

అట్లు వచ్చువారందఱును క్షయరోగులనియే తలంపబడి వచ్చెడివారు. కాని కొందఱి విషయమున లెక్క సరిపోలేదు. వారికి రాత్రులందు పొడిదగ్గు తెఱలు తెఱలుగా వచ్చుచుండెను. ఉబ్బసమునందువలె పిల్లికూతలును, స్వల్పజ్వరమును, నానాటికి బరువు తగ్గుటయు నుండెను. ఎక్సురే పటమున రెండు ఊపిరితిత్తుల నిండ రాగిగింజలు చల్లినట్లు సన్నని మచ్చలు కానవచ్చెను. ఇట్టి మచ్చలు గల యుగ్రమైన క్షయ యొకటి కలదు. పాశ్చాత్యులు దానికి పెట్టిన పేరును చిరుధాన్యపు గింజనుబట్టి వచ్చినదే. ఆ దినములలో అట్టి క్షయ సోకినవాడు కొలదికాలములోనే గతించుట వాడుక. వీరో, నడచుచుండిరి, భుజించుచుండిరి, నెలలు గడచినను బ్రదికియే యుండిరి. కఫమును ఎన్నిమాఱులు పరీక్షించినను క్షయక్రిమి కానరాలేదు. నెత్తుటిబొట్టును సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూడగా మాత్రము ఒక వింత బయటపడెను. తెల్లకణములలో ఇయోసినోఫిల్ అను నొక జాతి కలదు. ఆరోగ్యవంతుని రక్తమున నివి ఘనమిల్లీమీటరునకు సామాన్యముగా అయిదువందలకు మించవు. ఈ వ్యాధిలో నవి మూడువేలు దాటి, ఒక్కొక్కయెడ పదివేలకును పైబడి యుండును.

ఫ్రిమోడ్ట్ మోలరును, ఆయన సహవైద్యుడు బార్టనును ఈ రోగుల వృత్తాంతమును 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్ అను పత్రికలో ప్రకటించిరి. ఇయోసినోఫిల్ కణముల వృద్ధితో కూడి, క్షయవలె కనబడునట్టి స్థితి యని వారు దానిని పిలిచిరి. మన తర్కశాస్త్రమున హేత్వాభాస మను మాట కలదు. హేతువువలె కనబడుచు హేతువు కానిది హేత్వాభాసము. ఆ వరుసను దీనిని క్షయాభాస మనవచ్చును. అప్పటికి ఆ వైద్యులకు ఈ రోగమునకు కారణము తెలియదు, మందును తెలియదు. వారు చేసిన గొప్పపని యేమనగా, తమ చికిత్సాలయము క్షయకొఱకే యేర్పడినదైనను, వచ్చినదంతయు క్షయ యనకుండుట. తెలియనిదానికి తెలిసిన పేరు తగిలించి ఊరకుండుట సులభము. తెలియదని వ్రాసిపెట్టుటకు నిజాయితీ కావలెను.

ఇప్పుడు మఱియొక అరువది యేండ్లు వెనుకకు పోవలసి యున్నది. నీరుగట్టువారిపల్లె నేతగాండ్రకు ఏ దారము ఏ రంగును పట్టునో బాగుగా తెలియును. పట్టుదారమునకు పట్టిన రంగు నూలుదారమునకు పట్టదు. సరిగా ఈ మర్మమునే జర్మనీలో పాల్ ఎర్లిక్ అను యువకుడు దేహకణముల విషయమున ఉపయోగించెను. బట్టల అద్దకమునకై క్రొత్తగా పుట్టిన రంగులను తెచ్చి, దేహములోని సన్నని పొరలకు పట్టించి, ఏ కణము ఏ రంగును పీల్చునో పరీక్షించెను. 1878లో, తన ఇరువదినాలుగవ యేట, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథమున ఆయన యొక వింతకణమును వర్ణించెను. దాని నిండ గింజలవంటి రేణువులు క్రిక్కిరిసి యుండెను. తిండి యెక్కువై బలిసినదని తలంచి, మేపుట యను అర్థము గల జర్మను మాటతో దానికి మాస్ట్ కణ మని పేరిడెను. మఱుసటి యేటనే ఇయోసిన్ అను ఎఱ్ఱరంగును పీల్చు తెల్లకణమును గూడ ఆయనయే గుర్తించి, ఇయోసినోఫిల్ అని పిలిచెను. ఆరోగ్యవరపు వైద్యులు లెక్కించిన కణ మిదియే.

మాస్ట్ కణము మేపునకు బలిసినది కాదు. అది పొలిమేర కావలివాడు. చర్మమునందు, శ్వాసనాళముల గోడలయందు, ప్రేగుల పొరలయందు, రక్తనాళముల ప్రక్కల, అనగా వెలుపలి వస్తువు దేహములో చొరబడుటకు వీలున్న ప్రతి త్రోవయందును అది కాపుండును. దానిలోని రేణువులు దాని మందుగుండు. శత్రువు వచ్చినాడని తెలిసినంతనే నిమిషములలో ఆ రేణువులను వెలిగ్రక్కును. వానిలోని హిస్టమిన్ అను ద్రవ్యము రక్తనాళములను వెడల్పుచేసి, నీరు ఊరజేయును. చర్మమున నిది జరిగిన దద్దురు, ముక్కున జరిగిన జలుబు, శ్వాసనాళమున జరిగిన ఉబ్బసము. హిస్టమిన్‌కు దేహమున ముఖ్యమైన నిలువ ఈ మాస్ట్ కణములే యని రైలీ, వెస్ట్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు 1953లో చూపిరి.

శత్రువు వచ్చినాడని ఆ కావలివానికి చెప్పువారెవరు? దీనికి 1921లో జరిగిన యొక పరీక్ష త్రోవ చూపినది. క్యూస్ట్‌నర్ అను వైద్యునకు చేప తిన్న దద్దుర్లు లేచును. ప్రౌస్‌నిట్జ్ అను ఆయన మిత్రునకు ఏమియు కాదు. ప్రౌస్‌నిట్జ్ తన మిత్రుని రక్తరసమును కొంచెము తన చర్మములోనికి ఎక్కించుకొని, మఱునాడు అదే చోట చేపరసమును ఎక్కించుకొనెను. ఆ చోట వెంటనే దద్దురు లేచెను! అనగా, ఆ గుఱుతు పట్టించు వస్తు వేదియో రక్తరసములో నున్నదని తేలినది. అది యేదియో తెలియుటకు మఱి నలువదియైదేండ్లు పట్టెను. 1966లో అమెరికాలో జపాను దేశీయులగు ఇషిజాకా దంపతులు, 1967లో స్వీడను దేశపు యొహాన్సన్, బెన్నిక్ అనువారు దానిని వేర్వేఱుగా పట్టుకొనిరి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇ యని దాని పేరు. ఈ ప్రతిరక్షకము మాస్ట్ కణము నొడలంతయు అంటుకొని, గుఱుతైన వస్తువు తగిలినంతనే ఆ కణమును పేల్చివేయును.

దేహమునకు మేలు చేయుటకే యేర్పడినదైనను, ఈ కాపుదల హద్దు తప్పినచో ఏమగును? ఎలుకలకు భయపడి యిల్లు తగులబెట్టుకొన్న సామెత మనకు కలదు. క్షయాభాస వ్యాధి యందు జరుగునది సరిగా నదియే. అందలి ఎలుక యేదియో ఇక చూతము.

1943లో మన దేశమున పనిచేయుచుండిన వైన్‌గార్టన్ అను వైద్యుడు ఎనుబదియొక్క రోగుల చరిత్రమును లాన్సెట్ పత్రికలో ప్రకటించి, ఈ వ్యాధికి ట్రాపికల్ ఇయోసినోఫిలియా యని పేరు పెట్టెను. చికిత్స ఆయనకు దైవికముగా దొరికినది. సవాయిరోగము కూడ నున్న యొక రోగికి దానికై పాషాణముతో చేసిన నియోఆర్స్‌ఫెనమైన్ అను మందు నీయగా దగ్గును కుదిరెను. ఆ పాషాణపు మందుల వంశమునకు మూలపురుషు డెవరనుకొన్నారు? మాస్ట్ కణమును, ఇయోసినోఫిల్ కణమును కనిపెట్టిన ఆ ఎర్లిక్ మహాశయుడే; 1910లో ఆయన సాల్వర్సానును, 1912లో దాని సంస్కరణమును లోకమునకు ఇచ్చెను. తాను గుర్తించిన కణములే కారణమైన వ్యాధికి తన మందే పనికివచ్చునని ఆయన కలనైన ఎఱుగడు. 1915లో, ఆరోగ్యవరము తెఱచిన యేటనే, ఆయన గతించెను.

పాషాణము విషము. అంతకన్న మేలైన మందు మన తెలుగువాని ప్రయోగశాలనుండి రావలసి యుండెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరు వినియే యుందురు. ఆయన సోదరు లిరువురు సంగ్రహణివంటి దీర్ఘవ్యాధితో దినముల యెడములో మరణించిరి. అప్పటికి ఆ వ్యాధికి కారణము ఎవ్వరికిని తెలియదు. అదే వ్యాధి తన్నును పట్టగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొనెను. అమెరికాకు పోయి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతియై, అనేక మందులకు కారకు డయ్యెను. వానిలో 1947లో వెలువడిన హెట్రజాన్ బోదకాలు క్రిమికి మందు. మఱుసటి యేడు ఆగష్టులో ఆయన కన్నుమూసెను. పిమ్మటి దశకమున వైద్యులు బోదకాలు మందును ఈ రాత్రి దగ్గునకు ఇచ్చి చూడగా, మూడు వారములలో దగ్గు తగ్గెను!

బోదకాలు మందునకు దగ్గు తగ్గిన దనగా, దగ్గునకు కారణము బోదక్రిమియే కావలెను గదా. కాని రోగి కాలు వాచలేదు. రక్తములో పిల్లక్రిములు లేవు. సింగపూరున దనరాజ్ అను వైద్యుడు రక్తరసపరీక్షలతో ఈ సంబంధమును బలపఱచెను. ప్రత్యక్షప్రమాణము మాత్రము మన పొరుగుననే లభించినది. 1960లో రాయవేలూరి క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అను మువ్వురు, రోగుల ఊపిరితిత్తులు, కాలేయము, రసగ్రంథులనుండి తీసిన ముక్కలలో ఆ పిల్లక్రిములను చూపిరి. కుప్పమున రైలెక్కి వేలూరు ఆసుపత్రికి పోవుట మన సీమవారికి క్రొత్త కాదు. మదనపల్లెలో 1940లో వేసిన ప్రశ్నకు ఇరువదియేండ్లకు ఆ వేలూరిలోనే సమాధానము దొరకినది.

ఇప్పుడు కథ యంతయు పొందికగా తెలియుచున్నది. దోమకాటుతో బోదక్రిమి దేహమున చేరి, రసనాళములలో పెరిగి, వేలకొలది పిల్లలను పెట్టును. సామాన్యముగా ఆ పిల్లలు రాత్రులందు రక్తములో తిరుగాడును. అనేకుల దేహములు వానిని సహించి ఊరకుండును. కొందఱికి కాలు వాచును. నూటికి ఒక్కనికన్న తక్కువమందికి మాత్రము దేహము పట్టరాని ఆగ్రహమును పూనును. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇ రక్తమున పొంగిపొరలును. పిల్లక్రిములు ఊపిరితిత్తుల సన్ననాళములలో చిక్కి నశించును; అందుచేతనే రక్తములో కానరావు. వాని శకలములు తగిలి మాస్ట్ కణములు పేలును, శ్వాసనాళములు ముడుచుకొనును, అదియే పిల్లికూత. ఆ కేకకు ఇయోసినోఫిల్ కణములు దండుగా వచ్చిపడి, తమ విషద్రవ్యములను క్రిమిమీదనే కాక ఊపిరితిత్తిమీదను చల్లును. 1987లో ప్రకటితమైన భారత, అమెరికా వైద్యుల పరిశోధనలో, ఇట్టి రోగుల ఊపిరితిత్తులను కడిగి తీసిన నీటిలోని కణములలో సగమువఱకు ఇవియే యుండెను. మందు పడినంతనే అవి తగ్గెను. కాని చికిత్స ఆలస్యమైనవారికి ఊపిరితిత్తి గట్టిపడి, ఆయాసము శాశ్వతముగా నిలుచుటయు కలదు.

ఇచట నా స్వానుభవ మొకటి చెప్పక తప్పదు. నాలుగు దశాబ్దముల క్రిందట పుంగనూరునకు చేరువనున్న యొక గ్రామమున నేను ఉపాధ్యాయుడనై యుంటిని. చెన్నపట్టణమున హోటలుపనికి పోయి కొన్నేండ్లుండి వచ్చిన యువకు డొకడు రాత్రుళ్లు దగ్గుచుండెను. ఊరు క్షయ యనెను. కఫములో క్రిమి లేదని మూడుమాఱులు తేలినను, ఒక వైద్యుడు అతనికి క్షయమందులే నెలల తరబడి ఇచ్చెను. నిశ్చయమైన సంబంధము తప్పిపోయెను. అతని తమ్ముడు నా తరగతిలో చదువుచుండెను. ఎవ్వరు చెప్పకుండగనే నేను ఆ బాలుని కడపటి బల్లమీద వేఱుగా కూర్చుండబెట్టితిని. ఆ బాలుడు నన్నేమియు అడుగలేదు. ఏడాది గడచిన పిమ్మట మఱియొక వైద్యుడు వ్రేలికొన గ్రుచ్చి నెత్తుటిబొట్టు తీసి లెక్కించి, మూడువారముల మాత్రలు వ్రాసియిచ్చెను. దగ్గు పోయెను, పోయిన సంబంధము రాలేదు, తల్లి మాత్రము చాలకాలమువఱకు వేఱుకంచమును మానలేదు. ఎలుకలకు భయపడి దేహము తన యింటిని తగులబెట్టుకొన్నట్లే, రోగమునకు భయపడి మేము ఒక కుటుంబమును కాల్చితిమి. ఆ తప్పులో నాకును భాగము కలదు.

కారణము తెలియని దీర్ఘవ్యాధులు నేటికిని పెక్కు కలవు. ఆఱు వారములకు మించి ప్రతిదినము లేచు దద్దుర్లు అట్టివానిలో నొకటి. మాధవనిదానమున శీతపిత్తము, ఉదర్దము, కోఠ మని దద్దుర్లకు ఒక ప్రకరణమే కలదు; మన యిండ్లలో గొంగడి కప్పి పడుకొనబెట్టుటయు నెఱుగుదుము. వీనిలో మాస్ట్ కణముల పని నేడు స్పష్టముగా తెలిసినది. ఆ కణములే మితిమీఱి పెరుగు వ్యాధియు నొకటి కలదు. ఇక, ఒకమాఱు చర్మము, ఒకమాఱు కడుపు, ఒకమాఱు ఊపిరి పట్టుకొను వింతబాధలన్నిటికిని ఈ కణమే మూలమని కొందఱనుచున్నారు. ఇచట తొందర తగదు. రెండు మూడు అవయవములలో ఒక్కమాఱు బాధ మఱల మఱల తెఱలుగా వచ్చుట, ఆ సమయమున రక్తమున ట్రిప్టేస్ అను మాస్ట్ కణద్రవ్యము పెరుగుట, తగిన మందునకు తగ్గుట – ఈ మూడును కుదిరిననే వైద్యులు ఆ పేరు పెట్టుదురు. కనబడినదంతయు క్షయ యనుట యెట్లు తప్పో, తెలియనిదంతయు మాస్ట్ కణ మనుటయు అట్లే తప్పు.

కావున గ్రామపెద్దలారా, నా మనవి యింతే. రెండు వారములు మించిన దగ్గు ఎవ్వరి యింట వినబడినను, ముందు కఫపరీక్ష చేయింపుడు. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితము. క్షయయే యైనచో దానికి మందు కలదు, సిగ్గుపడ నక్కఱలేదు. క్షయ కానిచో అంతటితో వదలక, నెత్తుటిలోని కణములను లెక్కింపుమని వైద్యుని అడుగుడు. ఇంటిచుట్టు మురుగునీరు నిలువనీయకుడు. బోదకాలున్న జిల్లాలలో 2004 నుండి ప్రభుత్వము ఊరూర పంచిన మాత్రలలో హెట్రజాన్ మందు కలదు. అది సుబ్బారావుగారి కాన్క యని మఱువకుడు.

మఱియు, పరీక్ష ఫలితము వచ్చువఱకు ఏ యింటికిని పేరు పెట్టకుడు. ఏమియో తెలియదు, చూతము – అను మాట ఆరోగ్యవరపు వైద్యులు 1940లో చెప్పగలిగిరి. దానిని మన రచ్చబండమీద చెప్పుటకు మనకేల కష్టము కావలెను?

సెలవు.